వైల్డర్ పెన్‌ఫీల్డ్

వైల్డర్ గ్రేవ్స్ పెన్‌ఫీల్డ్ (జనవరి 26, 1891 - ఏప్రిల్ 5, 1976) అమెరికాలో పుట్టి కెనడాలో స్థిరపడిన సుప్రసిద్ధ నాడీ శస్త్రవైద్యుడు. మూర్ఛ వ్యాధికి చేసే శస్త్రచికిత్సను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు. రోగి మెలకువగా ఉండగానే మెదడు ఉపరితలంపై స్వల్పమైన విద్యుత్తును ప్రయోగించి, ఏ భాగం ఏ పని చేస్తుందో గుర్తించి పటాలు తయారుచేశాడు. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు. మెదడు లోపలి మడతలో దాగి ఉండే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగానికీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం వెలుగులోకి రావడానికి ఆయన చేసిన శస్త్రచికిత్సలు, ముఖ్యంగా వాటిలో ఎదురైన రెండు చేదు అనుభవాలు, దారితీశాయి.

నేపథ్యం

మూర్ఛ వ్యాధిని ఆయుర్వేదంలో అపస్మారం అన్నారు. స్మృతి తొలగిపోవడం అని ఆ మాటకు అర్థం. తెలుగు పల్లెల్లో దీనిని కాకిసొమ్మ అనీ, ఇటీవలి కాలంలో ఫిట్స్ అనీ పిలుస్తారు. దయ్యం పట్టిందనీ, గాలి సోకిందనీ భావించి తాయెత్తులు కట్టించడం, మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెట్టడం మండవల్లి, కైకలూరు ప్రాంతాలలో పెద్దలందరూ ఎరిగినదే. ఇనుము చేతిలో పెట్టినా పెట్టకపోయినా సాధారణంగా మూర్ఛ రెండు మూడు నిమిషాలలో దానంతట అదే ఆగిపోతుంది. ఆగిన ఘనత తాళాలకు దక్కుతుంది. అయితే కొల్లేటి లంకలలో పడవ మీద, చేపల చెరువుల గట్ల మీద బతుకు వెళ్ళదీసేవారికి ఆ రెండు నిమిషాలే ప్రాణాంతకం కావచ్చు. మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడినా ఊపిరాడదు.

మూర్ఛ దేవతల ఆగ్రహం కాదనీ, మెదడులో పుట్టే రోగమేననీ ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథం చెప్పింది. పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ దీనికి స్పష్టమైన వివరణ ఇచ్చాడు. మెదడులోని బూడిదరంగు పదార్థంలో ఒకచోట విద్యుత్తు హఠాత్తుగా, మితిమీరి విడుదల కావడమే మూర్ఛ అని ఆయన సిద్ధాంతం. 1886లో విక్టర్ హార్స్‌లీ అదే నగరంలో మూర్ఛకు కారణమైన మచ్చను కోసి తొలగించాడు. పెన్‌ఫీల్డ్ ఈ పరంపరకు వారసుడు.

బాల్యం, విద్యాభ్యాసం

పెన్‌ఫీల్డ్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ వైద్యుడే. కాని ఆయన వృత్తి దెబ్బతినడంతో కుటుంబం చెదిరిపోయింది. వైల్డర్‌కు ఎనిమిదేళ్ళప్పుడు, 1899లో, తల్లి జీన్ పిల్లలను తీసుకొని విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌లో తన పుట్టింటికి చేరింది. అక్కడ మగపిల్లల కోసం ఒక పాఠశాల ప్రారంభం కావడానికి ఆమె కృషి చేసింది. ఆ పాఠశాలలోనే కొడుకు చదువుకున్నాడు.

రోడ్స్ విద్యార్థివేతనం గురించి విన్న తల్లి, కొడుకు దానిని సాధించి తీరాలని అతని పదమూడో ఏటనే సంకల్పించింది. ఆ విద్యార్థివేతనానికి చదువుతో పాటు క్రీడలలో ప్రతిభ కూడా కావాలి. అందుకే పెన్‌ఫీల్డ్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పట్టుబట్టి ఫుట్‌బాల్ ఆడాడు. తండ్రి వైఫల్యం కళ్ళారా చూసినందువల్ల మొదట్లో వైద్యుడు కాకూడదనే అనుకున్నాడు. ప్రిన్స్‌టన్‌లో జీవశాస్త్రం చదివాక ఆ అభిప్రాయం మారింది. 1913లో పట్టభద్రుడై, మరుసటి ఏడు రోడ్స్ విద్యార్థివేతనానికి ఎంపికై ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో చేరాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు ఇద్దరు గురువులు దొరికారు. ఒకరు నాడీకణాల మధ్య సంధికి సినాప్స్ అనే పేరును వాడుకలోకి తెచ్చిన చార్లెస్ షెరింగ్టన్. రెండవవారు వైద్య విద్యాబోధనలో పేరెన్నికగన్న విలియం ఆస్లర్. నాడీవ్యవస్థ ఎవరూ పూర్తిగా అన్వేషించని భూభాగం వంటిదని షెరింగ్టన్ వద్ద గ్రహించిన పెన్‌ఫీల్డ్, తన జీవితం అందులోనే గడపాలని నిశ్చయించుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916 మార్చి 24న, ఫ్రాన్స్‌లోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో పనిచేయడానికి సస్సెక్స్ అనే ఓడలో ఇంగ్లీషు ఛానల్ దాటుతుండగా జర్మన్ జలాంతర్గామి ఆ ఓడపై టార్పెడో ప్రయోగించింది. ఓడ ముందు భాగం తెగిపోయింది. ఆయన కాలికి తీవ్ర గాయమైంది. ఆస్లర్ దంపతులు తమ ఇంటనే ఉంచుకొని కోలుకునేదాకా చూసుకున్నారు. 1917లో హడ్సన్‌కు చెందిన హెలెన్ కెర్మాట్‌ను వివాహమాడాడు. వారికి నలుగురు సంతానం. 1918లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొంది, బోస్టన్‌లో హార్వీ కుషింగ్ వద్ద కొంతకాలం శిక్షణ పొందాడు. తిరిగి ఆక్స్‌ఫర్డ్, లండన్‌లలో చదివి 1921లో న్యూయార్క్‌లోని ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా చేరాడు.

మాడ్రిడ్, బ్రెస్లౌ

తలకు దెబ్బ తగిలిన కొందరిలో, గాయం మానిన ఎన్నో నెలలకు, ఒక్కోసారి ఏళ్ళకు, మూర్ఛలు ఎందుకు మొదలవుతాయి? మానిన చోట మెదడులో ఏర్పడే మచ్చలో ఏముంది? ఈ ప్రశ్న పెన్‌ఫీల్డ్‌ను వెంటాడింది. అప్పటి అమెరికాలో ఆ మచ్చలోని కణాలను రంగు వేసి స్పష్టంగా చూపే పద్ధతి ఎవరికీ సరిగా పట్టుబడలేదు. స్పెయిన్‌లో రామోన్ ఇ కహాల్ శిష్యుడు పియో దెల్ రియో ఓర్తేగా వెండి లవణాలతో అటువంటి రంగు వేయగలడని తెలుసుకొని, 1924లో కుటుంబంతో సహా మాడ్రిడ్ వెళ్ళి ఆరు నెలలు అక్కడ పనిచేశాడు. ఉద్యోగంలో స్థిరపడ్డ ముప్పైమూడేళ్ళ వైద్యుడు భార్యాబిడ్డలతో పరాయిభాష దేశానికి పోయి గాజు పలకల ముందు మళ్ళీ విద్యార్థిగా కూర్చోవడం తేలికైన నిర్ణయం కాదు.

ఆ పద్ధతితో నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలను ఆయన క్షుణ్ణంగా అధ్యయనం చేశాడు. 1928లో జర్మనీలోని బ్రెస్లౌ నగరంలో ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ వద్ద మరికొన్ని నెలలు గడిపాడు. ఆ నగరం రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పోలండ్‌లో చేరి వ్రొత్స్వాఫ్ అయింది. ఫోర్‌స్టర్ యుద్ధంలో తలకు గాయాలై మూర్ఛలు పొందుతున్న సైనికులకు, మత్తు ఇవ్వకుండా కేవలం చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చి, మచ్చలను తొలగించేవాడు. అలా తీసిన ముక్కలను పెన్‌ఫీల్డ్ తాను మాడ్రిడ్‌లో నేర్చిన రంగులతో పరీక్షించాడు. మచ్చ ముడుచుకుపోతూ చుట్టూ ఉన్న మెదడును, రక్తనాళాలను తనవైపు లాగుతుందని తేలింది. 1930లో ఇద్దరూ కలిసి ఈ పరిశోధనను ప్రచురించారు.

అక్క రూత్

1928లోనే పెన్‌ఫీల్డ్ తన సహచరుడు విలియం కోన్‌తో కలిసి కెనడాలోని మాంట్రియల్ నగరానికి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ విక్టోరియా ఆసుపత్రికి మారాడు. కొత్త ఊరిలో కుదురుకుంటుండగానే ఆయన అక్క రూత్‌ను అక్కడకు తీసుకువచ్చారు. ఆమెకు చాలా ఏళ్ళుగా అప్పుడప్పుడు మూర్ఛలు వచ్చేవి. ఇప్పుడు తలనొప్పి, చూపు మందగించడం తోడయ్యాయి. మెదడు ముందుభాగంలో, కుడివైపు, పెద్ద కణితి ఉన్నట్లు తేలింది.

సొంతవారికి శస్త్రచికిత్స చేయరాదన్నది వైద్యులలో ఎంతో కాలంగా ఉన్న మర్యాద. ఆ నగరంలో ఇటువంటి శస్త్రచికిత్సకు తగిన అనుభవం తనకూ కోన్‌కూ తప్ప మరెవరికీ లేదని భావించి 1928 డిసెంబరులో ఆయనే ఆ పని చేశాడు. కుడివైపు ముందుభాగంలో చాలా మేర తీసివేశాడు. రక్తస్రావం ఎక్కువ కావడంతో కణితి చివరి అంచును వదిలిపెట్టక తప్పలేదు.

రూత్ కోలుకొని పిల్లల వద్దకు తిరిగి వెళ్ళింది. ఏడాది దాటాక తమ్ముడు ఆమె ఇంటికి భోజనానికి వెళ్ళాడు. ఆమె మాట, నవ్వు, ఆప్యాయత ఎప్పటిలాగే ఉన్నాయి. కాని ఐదారుగురికి వంట చేయవలసిన ఆ సాయంత్రం, ఏది ముందు ఏది వెనుక అన్నది ఆమెకు తోచలేదు. సరుకులన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒకటో రెండో పొయ్యి మీద ఉడుకుతున్నాయి, అంతకుమించి పని ముందుకు సాగక ఆమె అయోమయంలో పడింది. తమ్ముడు కాస్త చేయి అందించగానే వంట పూర్తయింది. మెదడు ముందుభాగం పోతే తెలివి పోదుగాని, పనులను ఒక వరుసలో పెట్టుకునే చొరవ పోతుందన్న విషయం పెన్‌ఫీల్డ్‌కు గ్రంథాలలో కాక అక్క వంటింట్లో తెలిసింది. కణితి మళ్ళీ పెరిగి, 1931లో రూత్ మరణించింది. ఆమె అనుభవాన్ని ఆయన 1935లో పేరు చెప్పకుండా ఒక శాస్త్రీయ పత్రంలో నమోదు చేశాడు. నాడీ రోగాల వైద్యులు, శస్త్రవైద్యులు, పరిశోధకులు ఒకే కప్పు కింద పనిచేసే సంస్థ ఉండాలన్న ఆయన పట్టుదలకు ఈ మరణం బలం చేకూర్చింది.

మాంట్రియల్ సంస్థ

మొదటి ప్రయత్నంలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆయన అభ్యర్థనను తిరస్కరించింది. 1932లో, ఆర్థిక మాంద్యం ముదిరిన రోజుల్లో, అదే సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా మంజూరు చేసింది. మాంట్రియల్ నగరం, క్యూబెక్ ప్రభుత్వం కూడా సాయపడ్డాయి. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. అదే సంవత్సరం పెన్‌ఫీల్డ్ కెనడా పౌరసత్వం స్వీకరించాడు. 1960 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా వ్యవహరించాడు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. విద్యలో నిపుణుడైన హెర్బర్ట్ జాస్పర్ 1930ల చివరలో వచ్చి చేరాక, తల తెరవకముందే మూర్ఛ పుట్టే చోటును అంచనా వేయడం సాధ్యమైంది. 1954లో వారిద్దరూ వెలువరించిన పెద్ద గ్రంథం మూర్ఛ వైద్యులకు చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

మెలకువలో శస్త్రచికిత్స

మెదడుకు నొప్పి తెలియదు. నొప్పిని గ్రహించే నాడులు తల చర్మంలోను, మెదడు పైపొరలలోను ఉన్నాయిగాని మెదడు పదార్థంలో లేవు. కనుక పైభాగానికి తిమ్మిరి మందు ఇచ్చి కపాలం తెరిస్తే, రోగి మాట్లాడుతూ ఉండగానే వైద్యుడు పనిచేయవచ్చు. పెన్‌ఫీల్డ్ సన్నని విద్యుత్ కడ్డీతో ఒక్కొక్క చోట తాకేవాడు. ఒకచోట తాకితే బొటనవేలు కదిలేది, మరొకచోట తాకితే నాలుకపై జివ్వుమనేది, ఇంకొకచోట రోగి ఎంత ప్రయత్నించినా మాట వచ్చేది కాదు. అలా స్పందన వచ్చిన ప్రతి చోటా అంకె వేసిన చిన్న కాగితం ముక్కను ఉంచేవారు. రోగి చెప్పినదంతా పక్కనే రాసుకునేవారు. చివరకు తెరచిన మెదడుపై అంకెల వరుస మిగిలేది.

ఈ పని కుతూహలం కోసం చేసినది కాదు. కోయవలసినది ఎక్కడో, పొరపాటున కూడా కోయరానిది ఎక్కడో తెలుసుకోవడానికి వేరే మార్గం లేదు. మూర్ఛ రాబోయే ముందు రోగికి కలిగే వింత అనుభూతి ఏ చోట తాకితే మళ్ళీ కలుగుతుందో, మూర్ఛ అక్కడే పుడుతున్నదని ఊహించవచ్చు. మూర్ఛకు ముందు మాడిన రొట్టె వాసన వచ్చే ఒక రోగిణి కథ కెనడా టెలివిజన్‌లో ఒక లఘుచిత్రంగా వచ్చి ఆ దేశంలో పిల్లలకు సైతం తెలిసింది.

163 మంది రోగుల వివరాలతో 1937లో పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రే ప్రచురించిన పత్రంలో శరీర భాగాలకు మెదడులో ఉన్న స్థానాల పటం ఉంది. పెదవులకు, నాలుకకు, చేతివేళ్ళకు ఎక్కువ చోటు, వీపుకు, తొడలకు తక్కువ చోటు. ఈ నిష్పత్తిలో గీసిన పెద్ద చేతులు, పెద్ద పెదవుల వింత మనిషి బొమ్మను హోమంక్యులస్ అంటారు. నేడు జీవశాస్త్రం, మనోవిజ్ఞానం చదివే విద్యార్థులకు సుపరిచితమైన బొమ్మ ఇది.

కణత వెనుక ఉండే టెంపోరల్ లోబ్ అనే భాగాన్ని తాకినప్పుడు మరింత ఆశ్చర్యకరమైన ఫలితాలు వచ్చాయి. కొందరికి ఎప్పుడో విన్న పాట వాయిద్యాలతో సహా వినిపించింది. కొందరికి చిన్ననాటి దృశ్యం కనిపించింది. శస్త్రచికిత్స బల్ల మీద ఉన్నామన్న స్పృహ ఉంటూనే ఆ దృశ్యంలోనూ ఉన్నట్లు వారు చెప్పారు.

హిప్పోక్యాంపస్, ఇద్దరు రోగులు

టెంపోరల్ లోబ్ లోపలివైపు, అడుగున, సముద్రగుర్రం అనే చేపను పోలిన వంపుతో ఉండే భాగమే హిప్పోక్యాంపస్. గ్రీకుభాషలో ఆ మాటకు అర్థం కూడా అదే. ఇది మెదడుకు రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. పెద్దలలో మందులకు లొంగని మూర్ఛలు తరచుగా పుట్టే చోటు ఇదే. పెన్‌ఫీల్డ్ మొదట్లో టెంపోరల్ లోబ్ పైభాగాన్ని మాత్రమే తీసి, లోపలి భాగాన్ని వదిలేసేవాడు. అలా చేసినవారిలో చాలామందికి మూర్ఛలు తిరిగి వచ్చాయి. రెండోసారి తెరిచి లోపలి భాగాన్ని కూడా తీస్తే ఆగాయి. 1950 ప్రాంతానికి హిప్పోక్యాంపస్‌ను కూడా తీయడం ఆయన పద్ధతిలో భాగమైంది. ఒకవైపు తీసినా రెండోవైపుది ఉంటుంది కనుక పెద్ద నష్టం లేదని అనుభవం చెప్పింది.

ఈ నమ్మకం ఇద్దరి విషయంలో తప్పింది. వైద్య సాహిత్యంలో పి.బి. అనే పొడి అక్షరాలతో పిలిచే రోగి నలభై ఆరేళ్ళ ఇంజనీరు. 1946లో ఆయన ఎడమ టెంపోరల్ లోబ్ పైభాగం తీశారు. మూర్ఛలు ఆగకపోవడంతో ఐదేళ్ళ తరువాత అదే వైపు హిప్పోక్యాంపస్‌తో సహా లోపలి భాగం తీశారు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి తరువాత కొత్త విషయం ఏదీ ఆయన మనసులో నిలవలేదు. ఎఫ్.సి. అనే రెండవ రోగి ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు, చేతితొడుగులు కత్తిరించే పనివాడు. అతనికీ అదే గతి పట్టింది. ఇద్దరి తెలివితేటలూ చెక్కుచెదరలేదు, మాట పోలేదు, పాత చదువు పోలేదు. ఉదయం జరిగింది మధ్యాహ్నానికి లేదు. మూర్ఛను పోగొట్టబోయి వైద్యుడు స్మృతిని పోగొట్టాడు. అపస్మారం అన్న పాత మాట ఇక్కడ వేరే అర్థంలో నిజమైంది.

పెన్‌ఫీల్డ్ దీనిని కప్పిపుచ్చలేదు. డొనాల్డ్ హెబ్ శిష్యురాలు, 1950 నుండి తన వద్ద రోగుల మానసిక పరీక్షలు చేస్తున్న బ్రెండా మిల్నర్‌కు ఇద్దరినీ అప్పగించాడు. ఒకవైపే తీసినప్పుడు ఇంత నష్టం ఎందుకు జరిగింది? వీరికి రెండోవైపు హిప్పోక్యాంపస్ అప్పటికే, బహుశా పుట్టుక సమయంలోనే, దెబ్బతిని ఉండాలనీ, పనిచేస్తున్న ఒక్కదానినీ తాము తీసివేశామనీ వారిద్దరూ ఊహించారు. 1955లో ఈ సంగతిని అమెరికా నాడీవైద్యుల సభలో బహిరంగంగా చెప్పారు.

ఆ పత్ర సారాంశం చదివిన అమెరికా శస్త్రవైద్యుడు విలియం స్కోవిల్ పెన్‌ఫీల్డ్‌కు ఫోను చేశాడు. 1953లో తాను మూర్ఛ తగ్గించడానికి రెండువైపులా లోపలి భాగాలను తీసివేసిన ఒక యువకుడికి సరిగ్గా ఇటువంటి మరపే వచ్చిందని తెలిపాడు. మిల్నర్ రైలెక్కి వెళ్ళి అతనిని పరీక్షించింది. హెచ్.ఎం. అన్న అక్షరాలతో ప్రసిద్ధుడైన ఆ రోగి హెన్రీ మొలైసన్, 2008లో మరణించేవరకు జ్ఞాపకశక్తి పరిశోధనకు కేంద్రబిందువుగా ఉన్నాడు. 1957లో స్కోవిల్, మిల్నర్ రాసిన పత్రం అందరికీ తెలిసినదే. దానికి దారిచూపిన పి.బి., ఎఫ్.సి.ల సంగతి మాత్రం పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

ఆ తరువాత రెండువైపులా తీసే శస్త్రచికిత్స మానివేశారు. ఒకవైపు తీసేముందు కూడా, జపాన్ నుండి మాంట్రియల్ వచ్చిన జున్ వాడా రూపొందించిన పరీక్షను వాడసాగారు. మెడలోని రక్తనాళం ద్వారా మందు ఎక్కించి మెదడు ఒక సగాన్ని కొద్ది నిమిషాలు నిద్రపుచ్చి, రెండో సగం మాటను, జ్ఞాపకాన్ని మోయగలదో లేదో చూడటం ఈ పరీక్ష ఉద్దేశం. ఇటువంటి జాగ్రత్తల వెనుక ఆ ఇద్దరు రోగుల నష్టం ఉంది.

నాడీసంధులలో మార్పు

హిప్పోక్యాంపస్ లేకపోతే కొత్త జ్ఞాపకం నిలవదని తెలిసింది. ఉన్నప్పుడు అది ఎలా నిలుపుతుంది అన్న ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో ముందువాడు పైన చెప్పిన డొనాల్డ్ హెబ్. 1937 నుండి రెండేళ్ళు ఆయన పెన్‌ఫీల్డ్ సంస్థలో, మెదడు భాగాలు కోల్పోయిన రోగుల తెలివిని కొలిచాడు. 1949లో ప్రచురించిన గ్రంథంలో, ఒక నాడీకణం మరొక కణాన్ని పదేపదే ఉత్తేజపరిస్తే వాటి మధ్య సంధి బలపడుతుందని ప్రతిపాదించాడు. పదిమంది నడిస్తే పొలం గట్టున కాలిబాట పడినట్లు అనుకోవచ్చు.

ఈ ఊహకు ప్రయోగపూర్వక ఆధారం హిప్పోక్యాంపస్‌లోనే దొరికింది. నార్వేలోని ఓస్లోలో పెర్ ఆండర్సన్ ప్రయోగశాలలో తేర్యె లోమో 1966లో మొదట గమనించిన విషయాన్ని, టిమ్ బ్లిస్‌తో కలిసి 1973లో వివరంగా ప్రచురించాడు. మత్తులో ఉన్న కుందేలు హిప్పోక్యాంపస్‌కు వెళ్ళే నాడీమార్గంలో కొద్ది క్షణాలు వేగంగా విద్యుత్ ప్రేరణలు ఇస్తే, ఆ తరువాత గంటల తరబడి ఆ సంధులలో స్పందన పెరిగి ఉంది. గ్లూటమేట్ అనే రసాయనం అవతలి కణంపై ఉన్న ప్రత్యేక గ్రాహకాలను తెరవడం, వాటి గుండా కాల్షియం లోపలికి రావడం, దానితో ఆ సంధి మరింత సున్నితం కావడం ఇందుకు కారణమని తరువాత తేలింది.

ఇదే గుణం మూర్ఛకూ పనికివస్తుంది. కెనడాలో గ్రాహమ్ గొడార్డ్ 1960ల చివరలో ఎలుకల మెదడులో రోజూ ఒకసారి, మూర్ఛ కలిగించలేనంత బలహీనమైన విద్యుత్తును ఇస్తూ పోయాడు. కొద్ది రోజులకు అదే బలహీన ప్రేరణకు ఎలుకలకు పూర్తిస్థాయి మూర్ఛ వచ్చింది. మెదడు మూర్ఛను నేర్చుకున్నదన్నమాట. తేలికగా మారగల సంధులు కలిగిన హిప్పోక్యాంపస్ జ్ఞాపకానికి ఎంత అనువైనదో, మూర్ఛకూ అంత అనువైనది. మానవులలో జ్ఞాపకమూ మూర్ఛా ఒకే గదిలో కాపురముండటాన్ని పెన్‌ఫీల్డ్ కత్తి మొనతో చూశాడు. దానికి కణస్థాయి వివరణ వచ్చేసరికి ఆయన వృద్ధుడయ్యాడు.

భారతదేశంతో సంబంధం

పెన్‌ఫీల్డ్ వద్ద మాంట్రియల్‌లో శిక్షణ పొందిన కేరళీయుడు డాక్టర్ జాకబ్ చాండీ (1910-2007) భారతదేశపు తొలి నాడీ శస్త్రచికిత్సా విభాగాన్ని 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ప్రారంభించాడు. నాడీవైద్యుడు బల్‌దేవ్ సింగ్ తోడు కావడంతో 1950లలో అక్కడ ఇ.ఇ.జి., మూర్ఛ శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. చిత్తూరు జిల్లా సరిహద్దులోనే ఉన్న వేలూరుకు తెలుగు రోగులు పెద్ద సంఖ్యలో వెళ్ళేవారు, నేటికీ వెళుతున్నారు. ఆ విధంగా పెన్‌ఫీల్డ్ విద్య తెలుగువారి ముంగిటికి ముందే వచ్చింది.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తగిన మందులు వాడితే వారిలో 70 శాతం మంది మూర్ఛలు లేకుండా జీవించగలరు. మందులకు లొంగని టెంపోరల్ లోబ్ మూర్ఛకు శస్త్రచికిత్స మేలా అన్న సందేహం 2001 వరకు పూర్తిగా తీరలేదు. ఆ ఏడాది కెనడాలో 80 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తరువాత శస్త్రచికిత్స వర్గంలో 58 శాతం మంది, మందుల వర్గంలో 8 శాతం మంది స్పృహ తప్పే మూర్ఛలు లేకుండా ఉన్నారు. ఇక సమాజం సంగతి: 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మూర్ఛ వ్యాధి ఉన్నవారు వివాహానికి అనర్హులన్న నిబంధన ఉండేది. దానిని 1999లో తొలగించారు. పెళ్ళిచూపులలో ఆ మాట దాచే అలవాటు మాత్రం చట్టంతో పోలేదు. దాచిన ఇళ్ళలో మందులు కూడా దాచి, చివరకు మానివేసి, ప్రమాదం తెచ్చుకుంటున్నారు.

విమర్శలు

జీవితంలో జరిగిన ప్రతి సంఘటనా మెదడులో యథాతథంగా ముద్రితమై ఉంటుందనీ, విద్యుత్ కడ్డీ దానిని తిరిగి నడిపిస్తుందనీ పెన్‌ఫీల్డ్ భావించాడు. ఈ అభిప్రాయం ప్రజలలో బాగా వ్యాపించింది. అయితే 1963లో ఆయనే ఫనోర్ పెరోతో కలిసి ఇచ్చిన లెక్కల ప్రకారం, 1,132 మందిలో 520 మందికి టెంపోరల్ లోబ్‌పై విద్యుత్ ప్రయోగం జరిగింది. వారిలో 40 మందికి మాత్రమే ఇటువంటి అనుభవాలు కలిగాయి. వాటిలో కొన్ని నిజమైన జ్ఞాపకాలకన్నా కలలకు దగ్గరగా ఉన్నాయి. జ్ఞాపకం టేపు రికార్డు వంటిది కాదనీ, తలచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా అల్లబడుతుందనీ నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చైతన్యానికి అత్యున్నత కేంద్రం మెదడు కాండం పైభాగంలో ఉందన్న ఆయన సిద్ధాంతాన్ని కూడా అదే రూపంలో ఎవరూ అంగీకరించడం లేదు. 1975లో ప్రచురించిన చివరి శాస్త్ర గ్రంథంలో మనస్సును మెదడు ఒక్కదానితోనే వివరించలేమన్న నిర్ణయానికి వచ్చాడు. ఆయన శిష్యులలోనే చాలామంది దీనితో ఏకీభవించలేదు. పరిశీలనలో పెన్‌ఫీల్డ్‌కు ఉన్న నిక్కచ్చితనం ఊహాగానంలో లేదనిపిస్తుంది.

నోబెల్ బహుమతికి ఆయన పేరు అనేకసార్లు ప్రతిపాదించబడినా అది దక్కలేదు. 1943లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1953లో బ్రిటన్ వారి ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1967లో ఆర్డర్ ఆఫ్ కెనడా లభించాయి.

భాషా బోధనపై అభిప్రాయాలు

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. లామార్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో వెలువరించిన గ్రంథంలోను, అనేక ఉపన్యాసాలలోను, పిల్లలకు రెండవ భాషను పదేళ్ళలోపే, ఆటపాటలతో, ఆ భాష మాట్లాడేవారి నోటి నుండి నేర్పాలని పెన్‌ఫీల్డ్ వాదించాడు. తన పిల్లలను జర్మన్, ఫ్రెంచి మాట్లాడే శిశుపాఠశాలలకు పంపాడు. ఈ వాదనను చూపి మన రాష్ట్రంలో ఒకటో తరగతి నుండే ఇంగ్లీషు మాధ్యమాన్ని సమర్థించేవారున్నారు. కాని ఆయన చెప్పినది మాతృభాషకు తోడుగా మరో భాష గురించి. మాతృభాష స్థానంలో మరో భాషను పెట్టమని కాదు.

చివరి సంవత్సరాలు

1960లో పదవీ విరమణ చేశాక ఆయన రచనా వ్యాసంగాన్ని రెండవ వృత్తిగా స్వీకరించాడు. అంతకుముందే, తల్లి అసంపూర్ణంగా వదిలిన ఒక బైబిలు కథను పూర్తిగా తిరగరాసి 1954లో నవలగా ప్రచురించాడు. హిపోక్రటీస్ జీవితం ఆధారంగా రాసిన నవల 1960లో వచ్చింది. 1962లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త లెవ్ లాండౌ కారు ప్రమాదంలో స్పృహ కోల్పోయినప్పుడు మాస్కో వెళ్ళి సలహా ఇచ్చాడు. కెనడాలో కుటుంబ జీవనంపై అధ్యయనం చేసే వానియే సంస్థకు తొలి అధ్యక్షుడిగా పనిచేశాడు.

పి.బి. 1964లో వేరే కారణంతో మరణించాడు. ఆయన మెదడును పరీక్షించగా, ఎడమవైపు శస్త్రచికిత్స జరిగిన చోటుతో పాటు, ఎవరూ ముట్టుకోని కుడి హిప్పోక్యాంపస్ చాలాకాలం క్రితమే కుంచించుకుపోయి, అధికభాగం నాడీకణాలు నశించి కనిపించింది. ఇరవై ఏళ్ళ క్రితం మిల్నర్, తాను చేసిన ఊహ సరైనదేనని తేలిన ఈ పరీక్ష వివరాలను పెన్‌ఫీల్డ్, గోర్డన్ మాథీసన్‌తో కలిసి 1974లో, తన 83వ ఏట ప్రచురించాడు.

ఉదర సంబంధమైన క్యాన్సరుతో ఆయన 1976 ఏప్రిల్ 5న మాంట్రియల్‌లో, తాను 1928లో ఉద్యోగంలో చేరిన రాయల్ విక్టోరియా ఆసుపత్రిలోనే మరణించాడు. మరణానికి కొద్ది వారాల ముందు పూర్తిచేసిన ఆత్మకథ 1977లో వెలువడింది. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పక్కనుండి పోయే ఒక వీధికి డాక్టర్ పెన్‌ఫీల్డ్ పేరు పెట్టారు.